విద్యార్థి రాయితీ సాఫ్ట్‌వేర్: గడువు, షరతులు కొనేముందే తెలియాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. విద్యాసంవత్సరం మొదలయ్యే రోజుల్లో ఏ కోర్సుకు ఏ ల్యాప్‌టాప్ సరిపోతుందో వివరించే వ్యాసాలు మీ పత్రిక చదువు పేజీలో వస్తుంటాయి. ప్రాసెసర్, మెమరీ, బ్యాటరీల గురించి వాటిలో విపులంగానే ఉంటుంది. ఆ ల్యాప్‌టాప్‌లో వేసుకోవలసిన సాఫ్ట్‌వేర్ గురించి మాత్రం ‘విద్యార్థులకు రాయితీ లభిస్తుంది’ అన్న ఒక్క ముక్కతో సరిపెడుతున్నారు. కళాశాల కంప్యూటర్ ల్యాబ్‌లో పనిచేసే నాలాంటివారి దగ్గరికి విద్యార్థులు ఏటా తెచ్చే ఇబ్బందుల్లో అధికభాగం, ఆ ఒక్క ముక్క చెప్పకుండా వదిలేసిన సంగతుల వల్ల వచ్చేవే. అందుకే ఈ లేఖ కాస్త పొడుగైనా ఫరవాలేదనుకుని రాస్తున్నాను.

రాయితీ అనగానే ధర తగ్గించడమనే అనుకుంటాం. సాఫ్ట్‌వేర్ విషయంలో విద్యార్థికి దక్కేది బస్సు పాసు వంటిది. పాసు మీద పేరున్న వ్యక్తికే, అందులో రాసిన దారిలోనే, ముద్రించిన తేదీ వరకే అది చెల్లుతుంది. అయితే పాసు మీద ఆ మూడు వివరాలూ ఎవరికైనా కనిపించేలా ఉంటాయి. సాఫ్ట్‌వేర్ అమ్మే పేజీలో ధర ఒక్కటే పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఎవరికి, ఏ పనికి, ఎన్నాళ్లకు అన్నవి దాదాపు ఎవరూ చదవని ఒప్పంద పత్రంలో ఎక్కడో ఉంటాయి. డబ్బు కట్టకముందే ఈ మూడింటినీ విద్యార్థికి తెలియజెప్పే బాధ్యతను అమ్మే సంస్థలు తీసుకోవాలి. వాటికంటే ముందు విద్యాసంస్థలు తీసుకోవాలి.

విద్యాసంస్థలను ముందు పెట్టడానికి కారణం ఉంది. చాలామంది విద్యార్థులు అసలు కొనవలసిన అవసరమే లేనివాటిని కొంటున్నారు. అర్హత గల విద్యాసంస్థల్లోని విద్యార్థులకూ అధ్యాపకులకూ మైక్రోసాఫ్ట్ తన వర్డ్, ఎక్సెల్, పవర్‌పాయింట్‌లను వెబ్‌లో వాడుకునే రూపంలో ఉచితంగానే ఇస్తోంది. దానికి విద్యాసంస్థ ఇచ్చిన ఈమెయిల్ చిరునామా ఉంటే చాలు. సంస్థ అంతకంటే పై స్థాయి లైసెన్సు తీసుకుని ఉంటే, కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసుకునే ఆఫీస్ కూడా అదే ఖాతాలో సిద్ధంగా ఉంటుంది. ఇంజినీరింగ్ లెక్కలకు వాడే మ్యాట్‌ల్యాబ్‌ను తయారుచేసే మ్యాథ్‌వర్క్స్ సంస్థ క్యాంపస్ మొత్తానికి వర్తించే లైసెన్సు ఇస్తుంది. విశ్వవిద్యాలయం దాన్ని తీసుకుని ఉంటే విద్యార్థి తన సొంత ల్యాప్‌టాప్‌లో సైతం వేసుకోవచ్చు. ఇంజినీరింగ్ డిజైన్లు గీయడానికి వాడే ఆటోక్యాడ్, రెవిట్, ఫ్యూజన్ వంటి ఆటోడెస్క్ ఉత్పత్తులూ, ప్రోగ్రామింగ్ నేర్చుకునేవారు వాడే జెట్‌బ్రెయిన్స్ ఉపకరణాలూ, డేటాను చిత్రాలుగా చూపే టాబ్లో, యాప్‌ల రూపురేఖలు గీసే ఫిగ్మా వంటివీ అర్హత నిరూపించుకున్న విద్యార్థులకు ఉచితం. ప్రోగ్రాములు దాచి పంచుకునే వెబ్‌సైటు గిట్‌హబ్ 2014లో మొదలుపెట్టిన స్టూడెంట్ డెవలపర్ ప్యాక్‌లో అనేక ఇతర సంస్థల ఉపకరణాలను కూడా ఒకేచోట చేర్చి ఇస్తున్నారు. ఇంత ఉండగా, తమ పేరున లైసెన్సు ఇప్పటికే ఉన్నదని తెలియక అదే సాఫ్ట్‌వేర్‌ను రాయితీ ధరకు కొన్నామని సంతోషించే విద్యార్థులను చూసినప్పుడు బాధ కలుగుతుంది. ఆ లైసెన్సుకు వారు ఫీజు రూపంలో అప్పటికే ఒకసారి డబ్బు కట్టి ఉంటారు.

ఇది ఎందుకు జరుగుతోందో దగ్గరగా చూస్తే తెలుస్తుంది. ప్రవేశాల సమయంలో ఇచ్చే కాగితాల కట్టలో కళాశాల ఈమెయిల్ చిరునామా, తాత్కాలిక పాస్‌వర్డ్ రాసిన చిన్న చీటీ ఒకటి ఉంటుంది. ఫీజు రసీదును జాగ్రత్తగా దాచుకునే విద్యార్థి ఆ చీటీని పట్టించుకోడు, ఎందుకంటే తనకు సొంత ఈమెయిల్ ఎప్పటినుంచో ఉంది. నెలలు గడిచాక ఏదో సాఫ్ట్‌వేర్ కోసం కళాశాల చిరునామా ఇవ్వవలసి వస్తుంది. ఇస్తాడు. ధ్రువీకరణ లింకు ఆ మెయిల్‌బాక్స్‌కే వెళ్తుంది. దాన్ని తెరవాలంటే పాస్‌వర్డ్ కావాలి, పాస్‌వర్డ్ మార్చుకుందామంటే ఖాతాకు ఫోన్ నంబరు జోడించి లేదు, ల్యాబ్‌కు వచ్చి మేము సరిచేసి ఇచ్చేసరికి ఆ లింకు గడువు దాటిపోయి ఉంటుంది. మొదటి వారంలో తరగతి మొత్తాన్ని ఒకసారి ల్యాబ్‌లో కూర్చోబెట్టి ఆ ఖాతాల్లోకి లాగిన్ చేయిస్తే ఏడాది పొడవునా తలెత్తే ఇబ్బందుల్లో సగం ఉండవు. ఇందుకు విద్యాసంస్థకు అదనంగా అయ్యే ఖర్చేమీ లేదు.

ఇక అర్హతను నిరూపించుకోవడం. కంపెనీలు దీన్ని మూడు నాలుగు పద్ధతుల్లో చేస్తాయి. ఈమెయిల్ చిరునామా చివరి భాగాన్ని బట్టి సంస్థను గుర్తించడం ఒకటి. షీర్‌ఐడీ, యూనీడేస్ వంటి మధ్యవర్తి సంస్థల ద్వారా పరిశీలించడం ఇంకొకటి. గుర్తింపు కార్డునో, చదువుతున్నట్లు సంస్థ ఇచ్చిన పత్రాన్నో అప్‌లోడ్ చేయమనడం మరొకటి. కొన్నిచోట్ల అంతర్జాతీయ విద్యార్థి గుర్తింపు కార్డు కూడా చెల్లుతుంది. ‘డాట్ ఎడు’ అని ముగిసే చిరునామా ఉంటేనే విద్యార్థిగా గుర్తిస్తారన్న అపోహ ఇప్పటికీ బలంగా ఉంది. ఆ చివరి భాగం నిర్వహణను 2001లో ఎడ్యుకాజ్ అనే సంస్థ చేపట్టింది. అప్పటినుంచి దాన్ని కొత్తగా అమెరికాలో గుర్తింపు పొందిన ఉన్నత విద్యాసంస్థలకు మాత్రమే ఇస్తున్నారు. మిగతా దేశాల విద్యాసంస్థలకు వేరే చివరి భాగాలుంటాయి, వాటినీ కంపెనీలు గుర్తిస్తాయి. ఈ అపోహ పట్టుకుని ఎవరో అమ్మే ‘డాట్ ఎడు’ ఈమెయిల్ ఖాతా కొనేవారున్నారు. అది డబ్బు దండగే కాదు, తాము చదవని సంస్థలో చదువుతున్నామని అబద్ధం చెప్పడం కూడా. బయటపడిన రోజున లైసెన్సు రద్దవుతుంది.

అప్‌లోడ్ చేసిన పత్రాలు తిరస్కరణకు గురైనప్పుడు విద్యార్థులు కంపెనీని తిట్టుకుంటారు గానీ, లోపం చాలాసార్లు కార్డులోనే ఉంటుంది. పరిశీలించేవారు చూసేవి ముఖ్యంగా మూడు: విద్యార్థి పేరు, సంస్థ పేరు, ప్రస్తుతం చదువుతున్నట్లు తెలిపే తేదీ. కార్డు మీద ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకు అన్నది ముద్రించకపోయినా, అది వెనకవైపు ఉండగా ముందువైపు ఫొటో మాత్రమే పంపినా తిరస్కరిస్తారు. కార్డులో పేరు ఒక క్రమంలో, ఖాతాలో మరో క్రమంలో ఉన్నా, ఒకచోట పొడి అక్షరాలతో ఇంకోచోట పూర్తిగా ఉన్నా అదే ఫలితం. తిరస్కరించిన ఫొటోనే మళ్లీ మళ్లీ పంపితే కొన్ని వ్యవస్థలు కొంతకాలం పాటు కొత్త దరఖాస్తునే తీసుకోవు. ఖాతా తెరిచేటప్పుడే కార్డు ముందుంచుకుని అందులో ఉన్నట్లే పేరు నింపడం, తేదీ స్పష్టంగా ఉన్న పత్రాన్ని నాలుగు అంచులూ కనిపించేలా ఫొటో తీయడం మేలు. కార్డు మీద చదువు ముగిసే సంవత్సరాన్ని ముద్రించమని విద్యాసంస్థలకు ఇంకొకరు చెప్పవలసి రావడం విచారకరం.

సంస్థ పేరు కంపెనీ జాబితాలోనే లేకపోవడం అన్నింటికంటే నిరుత్సాహపరిచే సందర్భం. చిన్న కళాశాలల విద్యార్థులకు ఇది తరచూ ఎదురవుతుంది. తమ కళాశాలకు ఆ అర్హత లేదేమోనని వారు వెనుదిరిగిపోతారు. నిజానికి చాలా కంపెనీలు కొత్త సంస్థలను చేర్చుకోవడానికి దారి ఉంచాయి. జెట్‌బ్రెయిన్స్ అయితే విద్యాసంస్థల ఈమెయిల్ డొమైన్ల (చిరునామాలో @ తర్వాతి భాగాల) జాబితాను గిట్‌హబ్‌లో ‘స్వాట్’ అనే పేరుతో బహిరంగంగానే పెట్టింది. అందులో తమ సంస్థ లేకపోతే చేర్చమని ఎవరైనా ప్రతిపాదన పంపవచ్చు. కళాశాల తరఫున ఒక్కరు కూర్చుని ఒక్కసారి ఆ పని పూర్తిచేస్తే, ఆ తర్వాత వచ్చే ప్రతి విద్యార్థికీ తలుపు తెరిచినట్టే. ఆ ఒక్కరు ఎవరన్నది తేల్చకపోవడం వల్లే పని జరగడం లేదు. విద్యార్థి ల్యాబ్‌ను అడుగుతాడు, ల్యాబ్ కార్యాలయాన్ని అడుగుతుంది, కార్యాలయం విభాగాన్ని అడగమంటుంది.

కొనే చోటు గురించి ఇంకొంత గట్టిగా చెప్పాలి. కంపెనీ సొంత వెబ్‌సైటు, కంపెనీ తన సైటులో పేరు ప్రకటించిన అధీకృత విక్రేత, విద్యాసంస్థ నడిపే పోర్టల్ — ఈ మూడు చోట్ల తప్ప ‘విద్యార్థి ధర’ అన్న మాట ఎక్కడ కనిపించినా అనుమానించాలి. విద్యార్థినన్న రుజువు అడగకుండా విద్యార్థి ధరకు ఇస్తున్నారంటేనే అక్కడ ఏదో తిరకాసు ఉన్నట్టు. ఆ తిరకాసు ఎలా ఉంటుందో చూడండి. పెద్ద సంస్థలు వందల కంప్యూటర్లకు కలిపి తీసుకునే మైక్రోసాఫ్ట్ లైసెన్సుల్లో కేఎంఎస్ అనే పద్ధతి ఉంది. ఆ పద్ధతిలో ఒక్కో కంప్యూటర్ యాక్టివేషన్ (లైసెన్సు సరైనదేనని సాఫ్ట్‌వేర్ నిర్ధారించుకోవడం) 180 రోజులే నిలుస్తుంది; ఆలోగా అది తన సంస్థ సర్వర్‌ను మళ్లీ పలకరించి గడువు పొడిగించుకోవాలి. బయట ఎవరి సర్వర్‌కో కలిపి యాక్టివేట్ చేసి అమ్మినప్పుడు తొలి నెలల్లో అంతా సవ్యంగానే కనిపిస్తుంది. విక్రేతకు మంచి రేటింగు ఇచ్చేదీ ఆ రోజుల్లోనే. ఆ సర్వర్ ఆగిపోయాక, సరిగ్గా పరీక్షల ముందో ప్రాజెక్టు సమర్పణకు ముందో యాక్టివేషన్ పోయిందన్న హెచ్చరిక వస్తుంది. అప్పటికి విక్రేత పేరు మారిపోయి ఉంటుంది.

దీనికంటే ప్రమాదకరమైనది ‘జీవితకాల ఆఫీస్ ఖాతా’ పేరుతో జరిగే అమ్మకం. కొన్నవారికి కీ (యాక్టివేషన్ కోసం టైప్ చేసే అక్షరాల వరుస) ఇవ్వరు; ఒక యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇస్తారు. ఒక విద్యార్థిని తన ల్యాప్‌టాప్ తెచ్చి ఫైళ్లు కనిపించడం లేదని చెప్పినప్పుడు, వర్డ్‌లో పైన కుడివైపున్న ఖాతా పేరు మీద నొక్కి చూశాను. అక్కడున్నది ఆమె పేరు కాదు, మా సంస్థ చిరునామా అంతకంటే కాదు. ఆమె ఎన్నడూ వినని ఏదో విదేశీ విద్యాసంస్థ డొమైన్‌తో అర్థంలేని అక్షరాలు, అంకెలు కలిపిన చిరునామా. ఆ ఖాతాను ఎవరు సృష్టించారో వారే దానికి యజమానులు. నిర్వాహకుడు ఆ ఖాతాను తొలగించగానే దానికి అనుబంధంగా ఉన్న వన్‌డ్రైవ్ అనే ఆన్‌లైన్ నిల్వ కూడా ఆమెకు అందకుండా పోయింది, చివరి సంవత్సరం ప్రాజెక్టు నివేదిక అందులోనే ఉండిపోయింది. ఫిర్యాదు చేద్దామంటే అమ్మినవాడి చిరునామా తెలియదు. కంపెనీ దగ్గరికి వెళ్లినా, మీరు కొన్నది మా దగ్గర కాదంటుంది, అది నిజమే. మరో సంగతి కూడా తల్లిదండ్రులు గ్రహించాలి. అలాంటి ఖాతాలో పెట్టిన ఫైళ్లను దాని నిర్వాహకుడు తలచుకుంటే చూడగలడు. పాస్‌వర్డ్ మార్చుకున్నంత మాత్రాన ఆ ఖాతా మనది కాదు.

వాడిన సాఫ్ట్‌వేర్ లైసెన్సును తిరిగి అమ్ముకోవడం చట్టబద్ధమేనని ఇలాంటి విక్రేతలు వాదిస్తుంటారు. 2012 జులైలో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం యూజ్డ్‌సాఫ్ట్, ఒరాకిల్ సంస్థల మధ్య వివాదంలో ఇచ్చిన తీర్పును వారు ఉదహరిస్తారు. ఆ తీర్పు చెప్పింది కాలపరిమితి లేకుండా కొన్న లైసెన్సుల గురించి. పైగా అమ్మినవారు తమ దగ్గరున్న ప్రతిని వాడకానికి పనికిరాకుండా చేయాలన్నది అందులోని షరతు. ఏడాది గడువుతో, ఒక విద్యార్థి పేరు మీద, బదిలీ చేయరాదన్న నిబంధనతో ఇచ్చిన విద్యా లైసెన్సుకు దాన్ని అన్వయించడం కుదరదు.

సరైన చోట కొన్నవారికి కూడా యాక్టివేషన్ దగ్గర చిక్కులు రావచ్చు. 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు యాక్టివేషన్ సామాన్య వినియోగదారులకు పరిచయమైన నాటి నుంచి పద్ధతులు చాలా మారాయి. ఇప్పుడు చాలావరకు కీ కంటే ఖాతాయే ముఖ్యం. ఇంకా కీ ఇచ్చేచోట దాన్ని చేత్తో టైప్ చేయకుండా కాపీ చేసి అతికించడం ఉత్తమం. కాగితం మీద చూసి కొట్టక తప్పకపోతే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. అయిదేసి చొప్పున అయిదు భాగాలుగా 25 అక్షరాలుండే విండోస్, ఆఫీస్ కీలలో ఇంగ్లిష్ అచ్చులు గానీ, సున్నా, ఒకటి, అయిదు అంకెలు గానీ ఉండవు. పొరపాటు పడకూడదనే వాటిని వదిలేశారు. కనుక గుండ్రంగా సున్నాలా కనిపించేది ‘డి’ గానీ ‘క్యూ’ గానీ అయి ఉండాలి. ‘బి’, 8 మాత్రం రెండూ ఉంటాయి, ‘జి’, 6 కూడా అంతే. అక్కడ కళ్లద్దాలు సవరించుకుని చూడవలసిందే.

ఖాతాతో యాక్టివేట్ అయ్యేవాటిలో తొంభై పాళ్లు గందరగోళం రెండు ఖాతాల వల్ల వస్తుంది. కొత్త ల్యాప్‌టాప్ ఆన్ చేసినప్పుడు విద్యార్థి తన సొంత ఈమెయిల్‌తో ఖాతా తెరుస్తాడు. లైసెన్సు మాత్రం కళాశాల ఖాతాలో ఉంటుంది. ల్యాప్‌టాప్‌తో వచ్చిన ఆఫీస్ ట్రయల్ సొంత ఖాతాను పట్టుకుని కొనమని అడుగుతూనే ఉంటుంది. అది చూసి లైసెన్సు పనిచేయడం లేదనుకుని మళ్లీ కొన్నవారు ఉన్నారు. చేయవలసిందల్లా ఆఫీస్‌లో సొంత ఖాతా నుంచి సైన్ అవుట్ అయి, కళాశాల ఖాతాతో సైన్ ఇన్ కావడమే. అప్పటికీ మొండికేస్తే ట్రయల్‌ను పూర్తిగా తొలగించి, కళాశాల ఖాతా పోర్టల్ నుంచి కొత్తగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి. కంప్యూటర్‌లో తేదీ, సమయం తప్పుగా ఉన్నా యాక్టివేషన్ విఫలమవుతుంది. కొన్ని క్యాంపస్ నెట్‌వర్కుల్లో ఫైర్‌వాల్ యాక్టివేషన్ సర్వర్‌ను అడ్డుకుంటుంది కాబట్టి, లోపం అర్థంకానప్పుడు ఫోన్ హాట్‌స్పాట్‌తో ఒకసారి ప్రయత్నించి చూడాలి. విండోస్ ‘ఎస్ మోడ్’లో వచ్చిన ల్యాప్‌టాప్ అయితే మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో లేని ప్రోగ్రాములను ఇన్‌స్టాల్ కానివ్వదు, ఆ మోడ్ నుంచి బయటికి రావడం ఉచితమే గానీ, తిరిగి అందులోకి వెళ్లడం కుదరదు.

ఎన్ని కంప్యూటర్లలో వాడవచ్చన్నది కూడా ముందే చూసుకోవాలి. ఫొటోషాప్ వంటివి తయారుచేసే అడోబ్ వ్యక్తిగత ఖాతా రెండు కంప్యూటర్లలో యాక్టివ్‌గా ఉండగలదు. గణాంక విశ్లేషణకు వాడే ఎస్పీఎస్ఎస్ విద్యార్థి ప్రతి అయిన గ్రాడ్‌ప్యాక్‌ను రెండింటిలో వేసుకోవచ్చు. పాత ల్యాప్‌టాప్‌ను ఫార్మాట్ చేసేముందో, ఇంకొకరికి ఇచ్చేముందో అందులో సైన్ అవుట్ కావడం, లైసెన్సును విడుదల చేయడం మరిచిపోతే, కొత్తదానిలో వేసుకునేటప్పుడు పరిమితి దాటిందన్న సందేశం వస్తుంది. అప్పుడు సహాయ విభాగానికి రాయవలసిందే.

ఇప్పుడు గడువు. నా దృష్టిలో అసలు సమస్య ఇదే. జెట్‌బ్రెయిన్స్, ఆటోడెస్క్, టాబ్లోల విద్యా లైసెన్సులు ఏడాదికే ఇస్తారు. ఇంకా చదువుతున్నామని రుజువు చూపి ఏటా పునరుద్ధరించుకోవాలి. గ్రాడ్‌ప్యాక్‌ను ఆరు నెలలకు, పన్నెండు నెలలకు వేర్వేరుగా అమ్ముతారు. తక్కువ ధర చూసి ఆరు నెలలది తీసుకున్న పరిశోధక విద్యార్థికి, ప్రశ్నావళులు పంచి సమాధానాలు రాబట్టడంలోనే నాలుగు నెలలు గడిచిపోతాయి. విశ్లేషణ మొదలుపెట్టి, మార్గదర్శకుడు సూచించిన సవరణలు చేసేలోగా లైసెన్సు ముగుస్తుంది. సాఫ్ట్‌వేర్‌ను డేటా చేతికొచ్చాక యాక్టివేట్ చేసుకోవాలని, మౌఖిక పరీక్ష ముగిసేదాకా నిలిచే గడువు ఎంచుకోవాలని చెప్పేవారు ఉంటే చాలు. ఇది కంపెనీ తప్పు కాదు. మార్గదర్శకులు ఒక్క మాట చెప్పవచ్చు.

కంపెనీల తప్పు మరోచోట ఉంది. అడోబ్ క్రియేటివ్ క్లౌడ్ విద్యార్థి పథకంలో మొదటి ఏడాది ధర ఒకటి, తర్వాతి ధర దానికంటే ఎక్కువ. ఏడాది ఒప్పందాన్ని నెలనెలా కట్టే పద్ధతిలో తీసుకుని మధ్యలో మానుకుంటే రుసుము ఉంటుంది. ‘నెలకు ఇంత’ అని కనిపించినప్పుడు, నచ్చకపోతే వచ్చే నెల మానుకోవచ్చనే ఎవరైనా అనుకుంటారు. ఈ రుసుమును వినియోగదారులకు స్పష్టంగా తెలియనివ్వలేదన్న ఆరోపణతోనే 2024 జూన్‌లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ సిఫారసు మీద ఆ దేశ న్యాయశాఖ అడోబ్‌పై దావా వేసింది. సంపాదన ఉన్న పెద్దలకే అర్థంకావడం లేదని ఒక ప్రభుత్వం కోర్టుకెక్కిన షరతులను, మొదటిసారి సొంత కార్డుతో చందా కడుతున్న పద్దెనిమిదేళ్ల విద్యార్థి విడమరచి చదువుకుంటాడని ఆశించడం న్యాయం కాదు. రాయితీ ముగిసే తేదీ, ఆ తర్వాత వర్తించే ధర, మధ్యలో మానుకుంటే అయ్యే ఖర్చు — ఈ మూడూ రాయితీ ధర పక్కనే, అదే పరిమాణంలో ఉండాలి. ఆటోమేటిక్ పునరుద్ధరణ ముందుగానే ఎంచి ఉంచకూడదు; విద్యార్థి తానే టిక్కు పెడితేనే అమలు కావాలి. అంతవరకు, చందా కట్టిన రోజునే ఫోన్ క్యాలెండర్‌లో గడువుకు రెండు వారాల ముందు ఒక గుర్తు పెట్టుకోవడం మనం చేయగలిగిన పని.

వాడకం మీది హద్దు గురించి విద్యార్థులు అసలు ఆలోచించరు. ఉచితంగానో రాయితీతోనో వచ్చిన విద్యా లైసెన్సుల్లో చాలావాటిని డబ్బు తీసుకుని చేసే పనికి వాడకూడదు. చివరి ఏడాదిలో ఉన్న సివిల్ విద్యార్థి ఎవరికో ఇంటి ప్లాను గీసిపెట్టి పారితోషికం తీసుకుంటే, అది ఆటోడెస్క్ విద్యా లైసెన్సు నిబంధనను దాటినట్టే. ఒకప్పుడు ఆటోక్యాడ్ విద్యా ప్రతిలో గీసిన బొమ్మను ముద్రిస్తే, అది విద్యా ఉత్పత్తితో తయారైందన్న వాక్యం నాలుగు అంచుల్లోనూ పడేది. ఆ బొమ్మలోని భాగాన్ని వేరే ఫైలులో అతికిస్తే ఆ ముద్ర అందులోకీ చేరేది. కొత్త వెర్షన్లలో ఆ ముద్ర లేదు, నిబంధన మాత్రం ఉంది. అందరికీ ఒకే నియమం లేదు కనుక, అడోబ్‌కో మరొకరికో వర్తించేది వారి వారి ఒప్పందంలోనే చూసుకోవాలి. ఇంటర్న్‌షిప్‌లో చేరిన విద్యార్థిని కార్యాలయం ‘నీ ల్యాప్‌టాప్‌లో ఉన్నదానితోనే పని కానివ్వు’ అన్నప్పుడు, లైసెన్సు మీరే ఇవ్వాలని అడిగే ధైర్యం ఆ విద్యార్థికి ఉండాలి. అది వచ్చేది అధ్యాపకులు ముందే చెప్పి ఉన్నప్పుడే.

చదువు ముగిశాక ఏమవుతుందన్నది ఇంకా తక్కువమంది ఆలోచిస్తారు. పట్టా చేతికొచ్చిన కొన్నాళ్లకు కళాశాల ఈమెయిల్ ఖాతా మూతపడవచ్చు. దాంతోపాటు ఆ ఖాతాకు ముడిపడిన లైసెన్సులు, నిల్వ, అందులోని ఫైళ్లు కూడా పోతాయి. చివరి సెమిస్టర్ పూర్తి కాకముందే ఫైళ్లన్నిటినీ సొంత నిల్వలోకి తెచ్చుకోవాలి, ఆ చిరునామాతో తెరిచిన ఇతర ఖాతాల్లో సొంత ఈమెయిల్‌ను చేర్చాలి. ఆ సాఫ్ట్‌వేర్ లేకుండా తెరవలేని ఫైళ్లకు, ఇతర ప్రోగ్రాముల్లోనూ తెరుచుకునే రూపంలో ఇంకొక ప్రతి తీసుకోవాలి. కొన్ని సంస్థలు పట్టభద్రులకు వేరే తగ్గింపు ఇస్తాయి, జెట్‌బ్రెయిన్స్ వాటిలో ఒకటి. పాత లైసెన్సు బతికి ఉండగానే దాని వివరాలు చూసుకోవడం మంచిది. కంపెనీల విద్యా పథకాలు సైతం శాశ్వతం కావు. మైక్రోసాఫ్ట్ 2008లో విద్యార్థుల కోసం తెచ్చిన డ్రీమ్‌స్పార్క్ 2016లో ఇమాజిన్‌గా పేరు మార్చుకుంది, 2019లో దాని స్థానంలో అజూర్ డెవ్ టూల్స్ ఫర్ టీచింగ్ వచ్చింది. పేరు మారిన ప్రతిసారీ లాగిన్ పద్ధతి, అందులో దొరికేవి కూడా మారాయి. పాత సూచనలు అచ్చువేసిన ల్యాబ్ మాన్యువల్‌ను పట్టుకుని వెతికే విద్యార్థులకు ఏదీ దొరకదు.

ఇన్ని చిక్కుల మధ్య, ఆ సాఫ్ట్‌వేర్ నిజంగా అవసరమా అన్న ప్రశ్నను పాఠ్యప్రణాళిక రాసేవారు వేసుకోవాలని నా మనవి. నివేదిక రాయడానికీ పట్టికలు వేయడానికీ లిబ్రాఫీస్ సరిపోతుంది. గణాంకాలకు ‘ఆర్’ ఉంది. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో బోధన అవసరాల కోసమే పుట్టిన ఆ భాషను నేడు ప్రపంచమంతా పరిశోధకులు వాడుతున్నారు. పటాలకు క్యూజీఐఎస్, త్రీడీ పనికి బ్లెండర్ ఉన్నాయి. వీటికి కీ అక్కరలేదు, గడువు లేదు, డబ్బు తీసుకుని చేసే పనికి వాడినా అభ్యంతరం లేదు. అయితే అన్నిటికీ ఇవి ప్రత్యామ్నాయమని నేను అనను. మ్యాట్‌ల్యాబ్ ప్రోగ్రాములు చాలావరకు ఉచిత సాఫ్ట్‌వేర్ ఆక్టేవ్‌లో నడుస్తాయి గానీ, మ్యాట్‌ల్యాబ్‌కు అనుబంధమైన సిములింక్ మీద ఆధారపడిన ల్యాబ్‌ను దానితో నడపలేం. నిర్మాణ రంగంలో ఉద్యోగం కోరేవారికి రెవిట్ రావాలంటే రెవిట్‌లోనే నేర్చుకోవాలి. ఏ కోర్సుకు ఏది తప్పనిసరో, ఏది ఏదైనా ఫరవాలేదో సిలబస్‌లోనే రాస్తే కొనవలసినవి రెండో మూడో మిగులుతాయి. అసైన్‌మెంటును ఫలానా కంపెనీ ఫైలు రూపంలోనే ఇవ్వాలని పట్టుబట్టే అధ్యాపకుడు, తెలియకుండానే తరగతిలోని అందరి చేతా ఆ సాఫ్ట్‌వేర్ కొనిపిస్తున్నాడు.

విద్యాసంస్థలు చేయవలసినది పెద్ద ప్రాజెక్టేమీ కాదు. ప్రవేశాల రోజున ఒకే ఒక్క పేజీ ఇస్తే చాలు. మన సంస్థ లైసెన్సుతో ఏవేవి ఉచితంగా వస్తాయి, ఏ ఖాతాతో లాగిన్ కావాలి, ఏవి ఎవరికి వారు కంపెనీ నుంచి తీసుకోవాలి, ఒక్కొక్కటి ఎన్నాళ్లు నిలుస్తుంది, చదువు ముగిశాక ఖాతా ఎన్ని రోజులుంటుంది, చిక్కు వస్తే ఎవరిని కలవాలి అన్న వివరాలు అందులో ఉండాలి. ఆ పేజీ మీద తయారుచేసిన తేదీ వేసి, ఏటా సరిచూసి మళ్లీ ముద్రించాలి. మా ల్యాబ్ తలుపు మీద ఇలాంటి పేజీ ఒకటి అతికించాం. మీ పత్రిక చదువు పేజీలో, ల్యాప్‌టాప్‌ల వ్యాసం పక్కన ఇలాంటి నమూనా ఒకటి ప్రచురిస్తే, మా కళాశాలకు సంబంధించిన వివరాలు తొలగించి ఏ సంస్థైనా నింపుకునేలా సిద్ధంచేసి పంపగలను.

భవదీయుడు,
ఒక కళాశాల కంప్యూటర్ ల్యాబ్ ఉద్యోగి